ఓడ మీద జెండా ఎవరిది, ఓడ వెనక సొమ్ము ఎవరిది?

2024 డిసెంబరు 9న బంగాళాఖాతంలో భారత తీరరక్షక దళం రెండు బంగ్లాదేశ్ ట్రాలర్లను పట్టుకుంది. ఎఫ్‌వీ లైలా-2, ఎఫ్‌వీ మేఘ్నా-5 వాటి పేర్లు. రెండింటి మీదా కలిపి 78 మంది ఉన్నారు. అప్పటికే మనవైపు మత్స్యకారులు కొందరు బంగ్లాదేశ్ జైళ్ళలో మగ్గుతున్నారు. వాళ్ళలో బెంగాల్‌లోని కాకద్వీప్ వైపువాళ్ళే ఎక్కువ. చివరికి 2025 జనవరి 5న రెండు దేశాలూ సముద్రం మీదే బందీలను మార్చుకున్నాయి. మనవాళ్ళు 95 మంది ఇటు వచ్చారు, వాళ్ళవాళ్ళు 90 మంది అటు వెళ్ళారు.

విదేశీ చేపల ఓడ అనగానే మన మనసులో మెదిలేది ఇలాంటి ఘటనే. ఫలానా దేశం జెండా, ఫలానా గీత, గీత దాటారు, పట్టుకున్నారు. ఈ తరహా కేసుకు చట్టం ఉంది, కాపలా ఉంది, పద్ధతి ఉంది. గడిచిన 45 ఏళ్ళలో మన సముద్రాన్నీ మన మత్స్యకారులనూ ఎక్కువగా వేధించింది మాత్రం ఈ ఓడలు కావు. మన జెండాతో, మన కంపెనీ పేరుతో, మన ప్రభుత్వం ఇచ్చిన కాగితంతోనే తిరిగిన పరాయి ఓడలు. వాటి చరిత్ర మొదటినుంచీ చూస్తే ప్రభుత్వ నియంత్రణ ఎక్కడ గట్టిగా నిలబడిందో, ఎక్కడ జారిపోయిందో అర్థమవుతుంది.

మన ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో కూర్చుని ఈ గొడవ మనకెందుకు అనుకునేవాళ్ళు ఉండొచ్చు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో చాలామందివి రైల్వే పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు, వలతో బతికినవి కావు. కానీ మన గోల్‌బజార్‌కు వచ్చే సముద్రపు చేప దీఘా మోహనా, శంకర్‌పూర్, పేటువాఘాట్ రేవుల వైపునుంచి వచ్చేదే. ఆ తీరానికి ఎదురుగా, హుగ్లీ నోటి బయట శాండ్‌హెడ్స్ అనే చోటు ఉంది. కొన్ని దశాబ్దాలుగా రొయ్యల వేటకు పేరుమోసిన ప్రాంతం. విశాఖ ట్రాలర్లు మన శ్రీకాకుళం తీరం దాటి, ఒడిశా దాటి, ఇక్కడిదాకా వేటకు వచ్చేవి. మన ఊరికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న నీళ్ళలో కాంథీ బెంగాలీ, పారాదీప్ ఒడియా, పూరీ పెంటకొటాలో నోళియా అనిపించుకునే తెలుగు మత్స్యకారుడు, విశాఖ సరంగు, అవతల బంగ్లాదేశీ ఒకే చేప వెంట పడుతున్నారు. ఈ నీళ్ళను ఎవరు ఎలా పాలిస్తున్నారన్నది మన పళ్ళెంలోకి వచ్చే సంగతే.

ముందు గీతల సంగతి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు ప్రాదేశిక జలాలు. అక్కడ చేపల వేట రాష్ట్రాల చేతిలో ఉంది. అది దాటి 200 నాటికల్ మైళ్ళ దాకా, సుమారు 370 కిలోమీటర్లు, మన ప్రత్యేక ఆర్థిక జలాలు. అక్కడ చేపా, అడుగున ఉన్న చమురూ, గ్యాసూ మనవే. వాటి మీద పెత్తనం కేంద్రానిది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోనే ఈ పంపకం ఉంది. చేపల పెంపకం, వేట రాష్ట్ర జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాల అవతలి వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. 1976లో పార్లమెంటు చేసిన సముద్ర మండలాల చట్టంతో మన ఆర్థిక జలాలకు చట్టబద్ధత వచ్చింది. దాదాపు 20 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రం. కాపలాకు 1978 చట్టంతో తీరరక్షక దళం ఏర్పడింది.

విదేశీ ఓడల కోసమే ప్రత్యేకంగా చేసిన చట్టం 1981లో వచ్చింది, ఆ మరుసటి ఏడాది నిబంధనలు వచ్చాయి. తైవాన్, థాయ్‌లాండ్ ట్రాలర్లు బంగాళాఖాతంలో, అండమాన్ చుట్టూ యథేచ్ఛగా వల లాగుతున్న రోజులవి. ఈ చట్టాన్ని కాస్త దగ్గరగా చూడాలి. లైసెన్సు లేకుండా విదేశీ ఓడ మన జలాల్లో వేటాడకూడదు. ప్రాదేశిక జలాల్లో పట్టుబడితే మూడేళ్ళ దాకా జైలు, లేదా 15 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆర్థిక జలాల్లో పట్టుబడితే 10 లక్షల దాకా జరిమానా, జైలు లేదు. నేరం రుజువైతే ఓడ, వల, సరుకు జప్తు. ఓడను ఆపే, సోదా చేసే, పట్టుకునే అధికారం తీరరక్షక దళానిది.

చట్టం రాసినవాళ్ళు ఒక విషయంలో ముందుచూపు చూపించారు. ఏది భారతీయ ఓడ అన్న ప్రశ్నకు జెండా చూసి జవాబు చెప్పలేదు. ప్రభుత్వానిదై ఉండాలి. లేదా పూర్తిగా భారత పౌరులదో, వాటా మూలధనంలో కనీసం 60 శాతం భారత పౌరుల చేతిలో ఉన్న కంపెనీదో, సభ్యులంతా భారత పౌరులైన సహకార సంఘానిదో అయి ఉండాలి. దానికి తోడు ఇక్కడి చట్టం కింద నమోదై ఉండాలి. ఈ కొలతకు అందనిది విదేశీ ఓడే. 1970లలో విశాఖలో యూనియన్ కార్బైడ్ ఇండియా రొయ్యల ట్రాలర్లు నడిపింది. ఆ కంపెనీలో సగానికి పైగా వాటా అమెరికా మాతృసంస్థది. అలాంటి సంస్థల ఓడలను ఏమనాలన్న ప్రశ్నకు 1981 చట్టం సూటిగా జవాబు చెప్పింది. చేపల విషయంలో సొమ్ము ఎవరిదో అడగాలన్న బుద్ధి మన చట్టానికి పుట్టుకతోనే ఉందన్నమాట.

అదే చట్టంలో ఇంకో తలుపు కూడా ఉంది. భారత పౌరుడు విదేశీ ఓడను అద్దెకు తెచ్చుకుని పర్మిట్ మీద వేటాడొచ్చు. అద్దె విధానం 1981లోనే మొదలైంది, 1986లో సవరించారు. దాని వెనక ఉన్న ఆలోచన చెడ్డది కాదు. మనకు లోతు సముద్రపు ఓడలు లేవు, పని తెలిసినవాళ్ళు లేరు. కొన్నాళ్ళు పరాయి ఓడ తెచ్చుకుని పని నేర్చుకుందాం, ఆ తర్వాత సొంతంగా కొనుక్కుందాం అన్నారు. ఆచరణలో జరిగింది వేరు. చాలా చోట్ల ఇక్కడి కంపెనీ పేరు మాత్రం ఇచ్చింది. ఓడ వాళ్ళది, కెప్టెన్ వాళ్ళవాడు, వల వాళ్ళది. సరుకు ఎక్కడ ఎంత పడిందో, ఎక్కడికి పోయిందో చెప్పేది కూడా వాళ్ళే. రెండు ఓడలు జంటగా ఒకే పెద్ద వలను లాగే పద్ధతి సముద్రం అడుగును ఊడ్చేసింది. తీరం దగ్గరకు రాకూడదన్న షరతు రాత్రిపూట ఎవరికీ గుర్తుండేది కాదు. పేరు అద్దెకిచ్చినవాడికి కమీషను ముట్టింది. పని మాత్రం ఎవరూ నేర్చుకోలేదు.

అదే కాలంలో విశాఖలో ఇంకో పాఠం నడుస్తోంది. ప్రభుత్వ అప్పులతో మెక్సికో రకం ట్రాలర్లు దిగుమతి చేసుకుని కంపెనీలు రొయ్య వెంట పడ్డాయి. 1990 నాటికి విశాఖలో ఇలాంటివి దాదాపు 180 ఉండేవి. వీటిలో చాలావాటి ఆశ శాండ్‌హెడ్స్ దాకా దొరికే ఆ రొయ్యల మీదే. రొయ్య తగ్గింది, డీజిల్ ధర పెరిగింది, అప్పులు తీరలేదు, ఓడలు జెట్టీకి అంటుకుపోయాయి. ఇవి మన ఓడలే, విదేశీవి కావు. అయినా ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. సొంత ఓడ అయినంత మాత్రాన సముద్రం బాగుపడదు. ఎన్ని ఓడలు, ఏ చేప, ఎంత దాకా అన్న లెక్క లేకపోతే మనవాళ్ళైనా ఖాళీ చేస్తారు.

1991 మార్చిలో కేంద్రం కొత్త లోతు సముద్ర వేట విధానం తెచ్చింది. ఆర్థిక సరళీకరణ మొదలవుతున్న ఏడాది. విదేశీ వాటాలతో ఉమ్మడి సంస్థలు, లీజు, ప్రయోగాత్మక వేట అంటూ తలుపులు బార్లా తెరిచారు. మన మత్స్యకారుల పోరాట చరిత్రలో పెద్ద అధ్యాయం ఇక్కడే మొదలైంది. జాతీయ మత్స్యకార్మికుల వేదిక నాయకుడు, కేరళకు చెందిన థామస్ కోచేరి ముందు నిలిచారు. బెంగాల్ నుంచి హరేకృష్ణ దేబ్‌నాథ్ లాంటివాళ్ళు నడిచారు. ఈ పోరాటంలో గమనించాల్సింది ఒకటుంది. తెప్ప మీద బతికేవాడికీ మరబోటు యజమానికీ అంతకు ముందు తీరమంతా తగాదాలే. ఉమ్మడి సంస్థల ఓడలు ఆ ఇద్దరినీ ఒక జెండా కిందకు తెచ్చాయి. ఎగుమతిదారులు, చేపలమ్మే ఆడవాళ్ళు కూడా కలిశారు. 1994 నవంబరు 23, 24 తేదీల్లో దేశవ్యాప్తంగా వేట, చేపల వ్యాపారం ఆగిపోయాయి. 1995 మేలో కోచేరి పోర్‌బందర్‌లో నిరాహార దీక్షకు కూర్చున్నారు.

అంతకు ముందే, 1995 ఫిబ్రవరిలో, ప్రభుత్వం పి. మురారి అధ్యక్షతన కమిటీ వేసింది. 1996 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. అందులో 21 సిఫార్సులు. ఉమ్మడి సంస్థలకు, అద్దె ఓడలకు, లీజుకు, ప్రయోగాత్మక వేటకు ఇచ్చిన అనుమతులన్నీ రద్దు చేయాలి. కొత్తవి ఇవ్వకూడదు. మన మత్స్యకారుల పడవలనూ నైపుణ్యాన్నీ లోతు సముద్రానికి తగ్గట్టు పెంచాలి. చేపల రంగానికి విడిగా మంత్రిత్వ శాఖ ఉండాలి. 1997లో ప్రభుత్వం ముఖ్యమైన సిఫార్సులను ఒప్పుకుంది, 1991 విధానం వెనక్కి పోయింది. విడి శాఖ ఏర్పడేసరికి 2019 వచ్చింది. నా దృష్టిలో మురారి కమిటీ నివేదిక ఈ రంగంలో మన దేశం రాసుకున్న అత్యంత నిజాయితీ గల పత్రం. కమిటీ రేవులకు వెళ్ళింది, మనుషులతో మాట్లాడింది. పని తెలిసినవాడికే పెట్టుబడి ఇస్తే ఓడ తెచ్చిపెట్టేవాడి అవసరం ఉండదని తేల్చింది.

ఇంత స్పష్టంగా తేలిన ప్రశ్న మళ్ళీ ఎలా తెరుచుకుంది? 2002లో అనుమతి పత్రం పద్ధతి వచ్చింది. ఆంగ్ల పొడి అక్షరాల్లో ఎల్‌ఓపీ అనేవారు. భారతీయ కంపెనీ విదేశాల నుంచి ఓడ కొని తెచ్చుకుంటే దానికి లోతు సముద్రంలో వేటాడే అనుమతి ఇస్తారు. ఓడ ఇక్కడ నమోదవుతుంది, మన జెండా ఎగురుతుంది. కాగితం ప్రకారం అది భారతీయ ఓడే. 1981 చట్టం దాన్ని తాకదు. వచ్చినవాటిలో తైవాన్ నుంచి వచ్చిన పొడుగు తాళ్ళ ఓడలు ప్రధానం.

ఆ ఓడ పనితీరు తెలిస్తేగాని గొడవ అర్థం కాదు. కిలోమీటర్ల పొడవునా తాడు, దానికి వేల గాలాలు. గురి సూర (ట్యూనా) చేప, అందులోనూ పసుపురెక్క సూర. పట్టిన చేపను మైనస్ 60 డిగ్రీల దాకా గడ్డకట్టించే గదులు ఓడలోనే ఉంటాయి. జపాన్ బజారులో పచ్చిగా తినే సూరకు ఆ చలే ప్రాణం. రేవుకు తిరిగి రావాల్సిన అవసరం ఆ ఓడకు తక్కువ. నడిసముద్రంలోనే సరుకును మరో ఓడకు ఎక్కించి పంపేయగలదు. ఇదే తీరంలో, అనకాపల్లి జిల్లా పూడిమడకలో, మనవాళ్ళు చిన్న పడవల మీద గాలం వేసి ఇదే సూరను పడతారు. వాళ్ళకు గడ్డకట్టించే గది లేదు, మంచు పెట్టెలే. ఒడ్డుకు వచ్చేసరికి చేప నాణ్యత పడిపోతుంది, ధర పడిపోతుంది. ఒకే చేప, ఒకే సముద్రం, కానీ ఒకరికి దక్కే విలువ వేరు, ఇంకొకరికి దక్కే విలువ వేరు.

ఎల్‌ఓపీ ఓడల మీద వచ్చిన ప్రధాన ఆరోపణ అదే. యాజమాన్యం పేరుకే ఇక్కడిది, అప్పు అక్కడిది, సిబ్బంది అక్కడివాళ్ళు, సరుకు కొనేది అక్కడివాళ్ళు. ఎంత చేప దేశం దాటిందో మనకు సరిగ్గా తెలియదు. దేశానికి దక్కింది నమోదు రుసుము, పేరు ఇచ్చినవాడి కమీషను. 1986లో చూసిన సినిమానే కొత్త టైటిలుతో నడిచింది.

2013లో బి. మీనాకుమారి అధ్యక్షతన మరో కమిటీ వేశారు. 2014 ఆగస్టులో వచ్చిన నివేదికలో మత్స్యకారులను భగ్గుమనిపించిన సిఫార్సు ఒకటి ఉంది. 200 మీటర్ల లోతు నుంచి 500 మీటర్ల లోతు దాకా మధ్య మండలంగా పెట్టి అక్కడ వేటను నియంత్రించాలి, ఆ అవతల పెద్ద ఓడలకు అవకాశం ఉండాలి అన్నది దాని సారాంశం. కాగితం మీద లోతు గీత తటస్థంగానే కనిపిస్తుంది. తీరం మీద అలా ఉండదు. బెంగాల్ తీరంలో వంద కిలోమీటర్లు పోయినా నీళ్ళు 200 మీటర్ల లోతుకు రావు. గోదావరి నోటి దగ్గర సముద్రం చాలా త్వరగా లోతవుతుంది. విశాఖ, అనకాపల్లి తీరంలో మన చిన్న పడవల సూర వేట సాగేది సరిగ్గా ఆ లోతు నీళ్ళలోనే. దిల్లీలో గీసిన ఒక లోతు గీత కాంథీవాడికి అసలు తగలదు, పూడిమడకవాడి నోటి దగ్గరి కూడు తీస్తుంది. 2014 నవంబరు 12న కేంద్రం కొత్త ఎల్‌ఓపీ మార్గదర్శకాలు కూడా తెచ్చింది. మళ్ళీ సమ్మెలు, మళ్ళీ దిల్లీ యాత్రలు. 2017 మొదట్లో ఎల్‌ఓపీ పథకాన్నే రద్దు చేశారు. అదే ఏడాది వచ్చిన జాతీయ సముద్ర మత్స్య విధానం దేశీయ మత్స్యకారుల సామర్థ్యాన్ని పెంచడం మీద దృష్టి పెట్టింది.

ఇక తాజా మలుపు. 1981 చట్టం విదేశీ ఓడలకే. రాష్ట్రాల చట్టాలు 12 మైళ్ళ లోపలికే. ఒడిశాది 1982 చట్టం, బెంగాల్‌ది 1993, ఆంధ్రది 1994. మధ్యలో ఉన్న 188 మైళ్ళ వెడల్పులో భారతీయ జెండా ఉన్న ఓడను నియంత్రించే కేంద్ర చట్టం ఏళ్ళ తరబడి లేకపోయింది. 2009లో, 2019లో, 2021లో ముసాయిదా బిల్లులు తయారయ్యాయి. ఏదీ గట్టెక్కలేదు. ఎల్‌ఓపీ ఓడలు దూరింది ఈ ఖాళీలోంచే. 2025 నవంబరు 4న కేంద్రం 1976 చట్టం కింద ఆర్థిక జలాల వేటకు నిబంధనలు ప్రకటించింది. విదేశీ ఓడలకు ప్రవేశం లేదు. మన మరబోట్లు, పెద్ద మోటారు పడవలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ప్రవేశ పాసు తీసుకోవాలి. చిన్న, సంప్రదాయ పడవలకు ఆ అవసరం లేదు. లైట్ల వెలుతురుతో చేపలను రప్పించి పట్టడం, జంట ట్రాలింగ్ నిషిద్ధం. సహకార సంఘాలకు, మత్స్యకార ఉత్పత్తిదారుల సంఘాలకు ప్రాధాన్యం. పెద్ద తల్లి ఓడ, దాని చుట్టూ చిన్న పడవలు అన్న పద్ధతిని ప్రోత్సహిస్తారు, పర్యవేక్షణలో నడిసముద్రంలో సరుకు మార్పిడికి వీలిస్తారు. మన ఆర్థిక జలాల్లో 49 శాతం అండమాన్ నికోబార్, లక్షద్వీప్ చుట్టూ ఉన్నదే కాబట్టి అక్కడి దూరాలకు ఇది కావాలన్నది ప్రభుత్వ వాదన.

ఈ నిబంధనలను నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను. మురారి కమిటీ అడిగినవాటిలో కొన్ని దాదాపు 30 ఏళ్ళకు నిబంధనల రూపంలోకి వచ్చాయి. కానీ రెండు చోట్ల నాకు భయం ఉంది. మొదటిది ఆ నడిసముద్రపు సరుకు మార్పిడి. ఎల్‌ఓపీ కాలంలో చేప లెక్కకు అందకుండా పోయిందన్న ఆరోపణ వచ్చింది ఈ దారి మీదే. తల్లి ఓడ ఎవరిదో, ఎవరి అప్పుతో వచ్చిందో అడగకుండా సహకార సంఘం పేరు మీద పాసు ఇస్తే సంఘం పేరే అద్దెకు పోతుంది. రెండోది 2025లోనే వచ్చిన కొత్త వాణిజ్య నౌకా చట్టం. 1958 నాటి చట్టం స్థానంలో వచ్చిన ఇది ఓడల నమోదుకు యాజమాన్య షరతులను సడలించింది, అద్దెకు తెచ్చి తర్వాత కొనుక్కునే ఓడలకూ నమోదు అవకాశం ఇచ్చింది. సరుకు ఓడల వ్యాపారానికి అది అవసరమే కావచ్చు. చేపల ఓడల విషయంలో 1981 నాటి 60 శాతం కొలతను ఏ కారణంగానూ వదలకూడదు.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో స్పెయిన్ యజమానులు బ్రిటిష్ జెండా కింద ఓడలు నమోదు చేసి బ్రిటన్ కోటాలో చేపలు పట్టుకున్నారు. వాటిని ఆపడానికి 1988లో బ్రిటన్ చట్టం చేసింది. యాజమాన్యంలో కనీసం 75 శాతం బ్రిటిషర్లదై ఉండాలంది. 95 ఓడల యజమానులు ఫ్యాక్టర్‌టేమ్ పేరుతో కోర్టుకు వెళ్ళారు. 1991లో యూరోపియన్ న్యాయస్థానం బ్రిటన్ చట్టం చెల్లదంది. వాణిజ్య ఒప్పందంలో చేసిన ఒక సంతకం సముద్రం మీద పార్లమెంటు అధికారాన్ని ఎలా కట్టేస్తుందో చెప్పే కేసు అది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల వెంట పరుగుతీస్తున్న మన ప్రభుత్వం పెట్టుబడుల అధ్యాయంలో చేపల వేటను విడిగా మినహాయించుకోవడం మరవకూడదు.

ఇండోనేషియా వేరే దారి పట్టింది. సుసి పుజియస్తుతి 2014లో మత్స్యశాఖ మంత్రి అయ్యాక, విదేశాల్లో కట్టి ఇండోనేషియా జెండా కిందకు వచ్చిన ఓడలన్నింటి వేటనూ ఆపేశారు. అలాంటి 1,132 ఓడలను పరిశీలిస్తే అన్నీ ఏదో ఒక ఉల్లంఘన చేసినవే అని తేలింది. దొంగ వేటకు వచ్చిన ఓడలను సిబ్బందిని దింపేసి సముద్రంలోనే పేల్చి ముంచారు. ప్రపంచమంతా ఆ పేలుళ్ళను చూసింది. నాకు మాత్రం ఆ 1,132 ఓడల కాగితాల పరిశీలనే అంతకన్నా పెద్ద పని అనిపిస్తుంది. పేల్చడానికి మందుగుండు చాలు. నిజమైన యజమానిని బయటకు లాగడానికి ఓపిక, ధైర్యం కావాలి. 2016లో ఆ దేశం వేట రంగంలోకి విదేశీ పెట్టుబడినే నిషేధించింది. ఘనాలో ట్రాలర్లకు విదేశీ యాజమాన్యం చట్టరీత్యా కుదరదు. అయినా అక్కడి ట్రాలర్లలో అధికభాగం వెనక చైనా పెట్టుబడి ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. అక్కడా స్థానిక కంపెనీ పేరు, కొనుగోలు వాయిదాల ఒప్పందం. అచ్చం మన ఎల్‌ఓపీ కథే.

ఇంకో వైపునుంచి కూడా చూడాలి. మన తెలుగు మత్స్యకారుడు పరాయి నీళ్ళలో విదేశీయుడే. 2018 నవంబరులో గుజరాత్ వెరావల్ నుంచి వేటకు వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళను పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన గడ్డ మీద కాలు పెట్టారు. ఏడాదికి పైగా కరాచీ జైలు. ఆ కథ ఆధారంగానే 2025లో తండేల్ సినిమా వచ్చింది. సొంత ఊళ్ళో సరైన రేవు లేక, పని లేక, దేశం అవతలి కొసకు వలసపోయి కూలికి వేటాడినవాళ్ళు వాళ్ళు. ఓడ వాళ్ళది కాదు, లాభం వాళ్ళది కాదు, జైలు మాత్రం వాళ్ళది. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణం ఆర్థిక జలాల్లో వేట నేరానికి, దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, జైలు శిక్ష వేయకూడదంటుంది. ఓడనూ సిబ్బందినీ తగిన పూచీ మీద వెంటనే వదలాలంటుంది. మన 1981 చట్టం ఆర్థిక జలాల్లో జరిమానాతో ఆగడం ఈ సూత్రానికి సరిపోతుంది. ఆ మర్యాద మన చుట్టుపక్కల ఆచరణలో అరుదు. శ్రీలంక 2018లో తన చట్టం సవరించి విదేశీ పడవల మీద జరిమానాను 17.5 కోట్ల శ్రీలంక రూపాయల దాకా పెంచింది. తమిళనాడు మరబోట్లు చేసిన అడుగు ట్రాలింగ్‌తో జాఫ్నా మత్స్యకారుడు నలిగిపోయాడన్నది నిజం. ఎల్‌ఓపీ ఓడ వల్ల మనం పడ్డ బాధే మన పడవ వల్ల అతను పడుతున్నాడు. దీన్ని ఒప్పుకోకుండా మన న్యాయం గురించి మాట్లాడే హక్కు మనకు ఉండదు.

బంగాళాఖాతంలో మాత్రం ఆశ పెట్టుకోదగ్గ పనులు రెండు జరిగాయి. భారత్, బంగ్లాదేశ్ సముద్ర సరిహద్దు తగాదా మీద 2014 జూలై 7న అంతర్జాతీయ మధ్యవర్తుల ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్ళాయి. మనకు తక్కువే దక్కినా రెండు దేశాలూ తీర్పును ఒప్పుకున్నాయి. గీత ఎక్కడుందో ఇప్పుడు అందరికీ తెలుసు. రెండోది 2025లో జరిగింది. అంతకు ముందు బంగ్లాదేశ్ వేట నిషేధం మే 20 నుంచి జూలై 23 దాకా ఉండేది. మన తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. వాళ్ళ పడవలు ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడు మన పడవలు దిగేవి. తమ చేపను భారతీయులు దోచుకుపోతున్నారని అక్కడి మత్స్యకారుల బాధ. బంగ్లాదేశ్ తన నిషేధాన్ని ఏప్రిల్ 15 నుంచి జూన్ 11 దాకా, 58 రోజులకు మార్చుకుంది. చేపకు సరిహద్దు తెలియదు. రెండు దేశాలూ ఒకేసారి వేట ఆపితేనే అది గుడ్లు పెట్టి బతుకుతుంది. ఎన్ని గస్తీ ఓడలు పెట్టినా రాని ఫలితం తేదీలు కలపడంతో రావచ్చు.

ఇన్నేళ్ళ చరిత్రలో విధానం మారిన ప్రతిసారీ మార్చింది ఒడ్డునున్న మనుషులే. అధికారులు తలుపు తెరిచారు, మత్స్యకారులు మూయించారు. ఈసారి మళ్ళీ వీధికెక్కాల్సిన అవసరం రాకుండా చేయగల చిన్న పని ఒకటి ఉంది. ప్రవేశ పాసు ఇచ్చిన ప్రతి పెద్ద ఓడకూ యజమాని ఎవరు, వాటాలు ఎవరివి, అప్పు ఎవరిచ్చారు, సరుకు ఎవరు కొంటున్నారు, ఏ రేవులో ఎంత దించింది అన్న వివరాలను ప్రభుత్వం బహిరంగంగా పెట్టాలి. ఆన్‌లైన్‌లో ఆంగ్లంలో మాత్రమే కాదు. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో తెలుగులో, పారాదీప్‌లో ఒడియాలో, పేటువాఘాట్, దీఘా మోహనాలో బెంగాలీలో బోర్డు మీద రాసి పెట్టాలి. ఏ ఓడ ఎవరిదో రేవులో కళాసీలకు తెలిసినంతగా ఏ శాఖకూ తెలియదు. బోర్డు మీద పేరు తప్పుగా ఉంటే పట్టుకునేది వాళ్ళే. ఆంధ్ర, ఒడిశా, బెంగాల్ నుంచి గెలిచిన పార్లమెంటు సభ్యులు రాబోయే సమావేశాల్లో ఈ ఒక్క సవరణ అడగాలి. మన ఖరగ్‌పూర్ తెలుగు సంఘాలు కూడా మన ఎంపీకి ఒక వినతిపత్రం ఇవ్వాలని నా విన్నపం.